యమున పంపిన అర్జెంటు నోటీసు

"ఓటీపీ వచ్చుంటుంది చూడమ్మా, చెప్పు" అన్నాడు వరదరాజులు. యమున చెప్పింది.

ఆమెకు జరిగిన అన్యాయం అంత నిశ్శబ్దంగా, ఫ్యాను కింద, టీ తాగుతూ జరిగిపోయింది. వరదరాజులు మదనపల్లెలో అసిస్టెంటు ఇంజనీరు. యమున వార్డు సచివాలయంలో రోడ్లు, కాలువలు, కొళాయిలు చూసుకునే సెక్రటరీ. ఆయన తన కంప్యూటర్లో ఆమె లాగిన్ తెరిచి, ఆమె పేరు మీద ఒక నోటీసు పంపి, "అయిపోయింది, పోయి పని చూసుకో" అన్నాడు. అందులో ఏం రాశాడో ఆమె అడగలేదు. సోమల దగ్గరి పల్లెలో, తరాలుగా ఇతరుల చేలలో కూలికి పోయిన ఇంట్లో పుట్టిన పిల్ల. ఆ ఇంట్లో నెల జీతం మొహం మొదట చూసింది ఆమే. కుర్చీలో కూర్చున్నవాడు ఏదైనా అడిగితే ఎందుకని ఎదురు అడగడం ఇంట్లో ఎవరూ నేర్పలేదు. సివిల్ డిప్లొమా చెప్పినవాళ్లు అసలే నేర్పలేదు.

నోటీసులో ఉన్న మాటలు ఇవి: తాగునీటి పైపు పగిలింది, అత్యవసరం, వెంటనే తవ్వుతున్నాము.

పైపు పగల్లేదు. ఆ వీధిలో ఆ పక్కన అసలు పైపే లేదు. అక్కడ జరగబోతున్నది కొత్త మురుగు కాలువకు భూమిపూజ.

ఈ నోటీసుల సంగతి కొంచెం చెప్పాలి. రోడ్డు మీద ఎవరు గుంత తీయాలన్నా ముందుగా ఫోన్‌లో ఒక యాప్ తెరిచి, ఎక్కడ తవ్వుతున్నదీ ఎంత లోతు తవ్వుతున్నదీ తెలపాలి. ఆ కబురు నేల కింద కేబుళ్లూ పైపులూ ఉన్నవాళ్లందరికీ పోతుంది. వాళ్లు వచ్చి, మా తీగ ఇదిగో ఇక్కడుంది అని సున్నంతో గీత గీసి పోవాలి. అంతవరకూ గడ్డపార దించకూడదు. ఒకే ఒక్క వెసులుబాటు ఉంది. మనుషుల ప్రాణాలకో, తాగే నీళ్లకో ముప్పు వచ్చినప్పుడు గీతల కోసం ఆగనక్కర్లేదు. ముప్పు ఏమిటో రాసి నోటీసు పంపి, పని మొదలుపెట్టవచ్చు. ఆ వెసులుబాటు రాసిన పెద్దమనిషి ఎవరో గాని మన ఊళ్లను చూసినవాడు కాడు. చూసి ఉంటే ఆ వాక్యం దగ్గర పెన్ను మూసి జేబులో పెట్టుకుని ఉండేవాడు.

ఆఫీసులో ఆ వెసులుబాటుకు "అర్జెంటు" అని ముద్దుపేరు. మామూలు నోటీసు పెడితే కేబులు కంపెనీలవాళ్లు ఎప్పటికో వస్తారు. ముహూర్తం మాత్రం వాళ్ల కోసం ఆగదు. పంతులు పంచాంగం చూసి రాహుకాలానికి ముందు ఒక గడియ చెబుతాడు. ఆ గడియకు కౌన్సిలరు ఖాళీగా ఉంటాడు, ఫ్లెక్సీ అచ్చవుతుంది, జేసీబీకి పసుపు కుంకుమ బొట్లు పెడతారు, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. ఇంత హంగామా జరుగుతూ ఉంటే సున్నపు గీత అనేదొకటి అడ్డం వస్తే ఎవరికి నచ్చుతుంది? కాబట్టి మేళతాళాలతో, ముందుగా నిశ్చయించుకున్న శుభఘడియలో, మైకు కట్టి మరీ జరిగే పనులన్నీ ప్రభుత్వ యాప్‌లో హఠాత్తుగా వచ్చిపడిన ప్రమాదాలయ్యాయి. ఈ వింత చూసి ఆఫీసులో ఎవరికీ నవ్వు రాలేదు.

నీరుగట్టువారిపల్లె పోయే దారిలో ఆ పొద్దు టెంకాయ పగిలింది, హారతి అయింది, జేసీబీ బకెట్టు దిగింది. దిగిన బకెట్టు పైకి లేచేసరికి దాని పళ్లకు నల్లటి కేబులు పేగులా వేలాడుతూ ఉంది. టమాటా మార్కెట్టు పక్కన రెండు బ్యాంకులు, ఒక ఆసుపత్రి బిల్లింగు, ఆధార్ సెంటరు ఒకేసారి మూగబోయాయి. కౌన్సిలరు శాలువా సర్దుకుని కారెక్కాడు. వరదరాజులు ఆయన వెనకే ఎక్కాడు.

తెగిన కేబులు అతికేవాడి పేరు శివకుమార్. శాంతిపురం మనిషి. తండ్రి గ్రానైటు రాళ్లకు పాలిష్ పట్టి పట్టి ఊపిరితిత్తులు పాడుచేసుకుంటే, కొడుకు వెంట్రుకంత గాజు పోగులు అతికే పని నేర్చుకున్నాడు. అతికే మిషను బ్యాగులో పెట్టుకుని బైకు మీద మదనపల్లె, పుంగనూరు, కుప్పం తిరుగుతూ ఉంటాడు. ఎక్కడ జేసీబీ ఉంటే మరుసటి పూట అక్కడ తను ఉంటాడు. ఇతరులు బుద్ధి లేకుండా తెంపినదాన్ని కూర్చుని అతకడం అతని బతుకుతెరువు. అలాంటి పని చేసేవాడికి మనుషుల మీద గౌరవం మిగిలి ఉంటే ఆశ్చర్యపోవాలి.

గుంతలో గొడుగు కింద కూర్చుని పోగులు ఏరుతూ ఉంటే పైన చెప్పుల చప్పుడయింది. మెడలో ఐడీ కార్డుతో ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"ఎంతసేపు పడ్తాదన్నా?" అంది.

శివకుమార్ తల ఎత్తలేదు. "నోటీసు పంపింది నువ్వేనా మేడమ్?"

"నా పేరు మీద పోయింది."

"పైపు పగిలిందని రాసినావే, ఆ పగిలిన పైపు యాడుండాదో సూపీ. చేతులు కడుక్కోవాల."

ఆమె మెడలోని ఐడీ కార్డును చున్నీ కిందికి తోసుకుంది. కాసేపు ఉండి వెళ్లిపోయింది. శివకుమార్ తృప్తిగా ఉమ్మేశాడు.

విచారణకు వచ్చిన అధికారి స్క్రీను మీద యమున పేరు చూశాడు. పేరు కనిపించాక ఇంకా తల బద్దలు కొట్టుకోవడం ఎందుకని ఫైలు మూశాడు. వరదరాజులు ఎంతో జాలిగా, "కొత్త పిల్ల సార్, తొందరపడింది. ఈసారికి క్షమించండి" అని ఆమె తరఫున బతిమాలాడు కూడా. క్షమించి మెమో ఇచ్చి ఆమెను పుంగనూరుకు మార్చారు. ఆ బతిమాలిన మంచితనానికేనేమో, కొన్నాళ్లకే ఆయనకు ప్రమోషను వచ్చింది. పై ఇంజనీరు అయ్యాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మూడు ఊళ్ల తవ్వకాలూ ఆయన చేతి కిందికి వచ్చాయి.

పుంగనూరులో యమున ఫోను ఎవరి చేతికీ ఇవ్వడం, ఓటీపీ చెప్పడం మానేసింది. అక్కడి కాంట్రాక్టరు సిద్దప్పకు ఇది అర్థం కాని జబ్బులా తోచింది. ఒక రోజు ఆయన సచివాలయానికి పంచాంగం చంకలో పెట్టుకుని వచ్చాడు.

"బేస్తవారం పొద్దున మంచి గడియ ఉండాది మ్యాడమ్. ఒక అర్జెంటు కొట్టేయండి."

"ఏం అర్జెంటన్నా?"

"అది దాటితే మూఢం వస్తాది. మూడు నెల్లు పని ముట్టకూడదు. అంతకంటే అర్జెంటు ఏముంటాదమ్మా?"

"పైపు పగిలిందని రాయమంటారా?"

"పైపు గాకపోతే ఇంకోటి. సదువుకునినోళ్లు, మీకు మేం సెప్పాల్నా?"

"మామూలు నోటీసు పెడతాను. కేబులోళ్లు వచ్చి గీత గీసినాక తవ్వుకోండి."

"వాళ్లు వచ్చేలోగా మా కౌన్సిలరు మాజీ అయిపోతాడు" అన్నాడు సిద్దప్ప. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. కౌన్సిలరు దగ్గర చెప్పకూడని మాటను కౌన్సిలరు పని కోసమే వచ్చి చెప్పగలగడం సిద్దప్ప గొప్పతనం.

చివరికి యమున ఒక మధ్యేమార్గం చెప్పింది. టెంకాయ కొట్టుకోండి, హారతి ఇచ్చుకోండి, గడ్డపార నేలకు ఆనించి ఫోటో దిగండి, గుంత మాత్రం తీయొద్దు అంది. సిద్దప్ప చేతిలో చెయ్యేసినంత పని చేశాడు. ఈ ఊళ్లలో ఒక మనిషి చేతికి గడ్డపార ఇచ్చి, ఎదురుగా కెమెరా పెట్టి, ఊరికే ఆనించమంటే ఆనిస్తాడని నమ్మింది చూడండి, అదే ఆమె తప్పు.

కౌన్సిలరు బేస్తవారం పొద్దున తెల్ల చొక్కా చేతులు మడిచి గడ్డపార అందుకున్నాడు. ఆనించాడు. ఫోన్ పట్టుకున్నవాడు, "అన్నా, వీడియోలో సరిగ్గా పళ్లేదు, ఇంకోటి" అన్నాడు. ఆయన ఇంకోటి వేశాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్లు ఈలలు వేశారు. వయసు మీద పడలేదని వార్డుకు తెలియాలి కదా, మునికాళ్ల మీద లేచి ఒక్క పోటు పొడిచాడు. అంత బలం ఆయన వార్డు పనుల్లో ఎన్నడూ చూపించలేదు. గడ్డపార నేరుగా పోయి కేబులును రెండు చేసింది.

ఇందులో కౌన్సిలరుది మాత్రమే తప్పు అనుకుంటే శివకుమార్ ఒప్పుకోడు. మనిషి నడుము లోతున వేశామని కాగితాల మీద రాసుకుని జానెడు లోతున కేబులు పూడ్చి చేతులు దులుపుకున్నది తన కంపెనీ వాళ్లే. దొంగలు పాతినదాన్ని తెలివితక్కువవాళ్లు తవ్వుతారు, మధ్యలో తన నడుం విరుగుతుంది. అతని లోకజ్ఞానం మొత్తం అంతే, దాన్ని మార్చుకోవలసిన అవసరం ఆ రోజు కూడా రాలేదు. పాల సెంటర్లో నెట్ లేక మిషను ఆగిపోయి పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు క్యాన్లు ముందర పెట్టుకుని ఎండలో కూర్చుని ఉన్నారు. పసుపు నీళ్లూ టెంకాయ చిప్పలూ మల్లెపూలూ పడి ఉన్న ఆ చిన్న గుంతను వెడల్పు చేసుకుని అతను దిగాడు. ఒడ్డున మళ్లీ అవే చెప్పులు.

"మళ్లీ నువ్వేనా తల్లీ. నువ్వు యాడ అడుగు పెడితే ఆడ భూమి మా కేబులు కక్కేస్తాది."

"నేను తవ్వలేదన్నా. ఆయప్ప తవ్వినాడు."

"మదనపల్లెలో గూడా నువ్వు పంపలేదంటావు ఇంక."

"పంపలేదు. సారు ఓటీపీ అడిగినాడు, సెప్పినాను. రాసిందంతా ఆయనే."

శివకుమార్ పోగు వదిలేసి నవ్వాడు. "ఓటీపీ ఎవురికీ సెప్పొద్దని బ్యాంకోడు పొద్దస్తమానం మొత్తుకుంటాడు. మా అమ్మకు సంతకం పెట్టేది రాదు. ఆమెకు గూడా తెలుసు ఆ సంగతి."

"మీ అమ్మకు పైన వరదరాజులు సారు లేడు గదన్నా" అంది యమున.

శివకుమార్ వదిలేసిన పోగు మళ్లీ అందుకున్నాడు. "పక్కకు జరుగు, నీడ పడతాండాది" అన్నాడు.

రెండో మెమో వచ్చింది. రూలు ప్రకారం గీతలు గీయకముందే పూజకు అనుమతి ఇచ్చి నష్టానికి కారణమైందట. గడ్డపార పొడిచినవాడి పేరు ఆ మెమోలో ఎక్కడా లేదు, గడ్డపార తనంతట తాను లేచి పొడిచినట్టుంది చదివితే. ఇంకొక్క పొరపాటు జరిగితే ఉద్యోగం నుంచి తొలగిస్తామని కింద రాసి, కుప్పానికి మార్చారు. సంతకం వరదరాజులుది.

ఆ ఉద్యోగం పోతే ఏమవుతుందో యమున ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పనక్కర్లేదు కూడా. సోమలలో తల్లి వేరుశనగ కాయలు కొట్టే పనికి పోవడం మానేసింది ఆ జీతం చూసుకునే. ఇప్పుడు తల్లి మళ్లీ చేలలోకి దిగాలి. ఆ పిల్ల మళ్లీ ఆమె వెనక నిలబడాలి. ఊళ్లో రెడ్ల ఇళ్లలో, నాయుళ్ల ఇళ్లలో అందరూ ఆ రోజు కోసం ఓపికగా ఎదురుచూస్తూ ఉంటారు, చూసి అయ్యో పాపం అంటారు.

కుప్పంలో రైలు కట్ట కింది పల్లంలో ఒక ఇరుకు వీధి ఉంది. ఆ వీధి మొదట్లో రామలక్ష్మమ్మ ఇడ్లీలు అమ్ముతుంది. ఒక రోజు పొద్దున ఆమె స్టీలు చెంబుతో నీళ్లు తెచ్చి సచివాలయంలో యమున బల్ల మీద పెట్టింది.

"తాగు" అంది.

"ఏందమ్మా ఇది?"

"మీరిడిసే నీళ్లే. మా వీధిలో పిల్లోళ్లు, పెద్దోళ్లు వాంతులు, బేదులు. నేను రెండు దినాలుగా ఇడ్లీ పెట్టలేదు. తాగి సెప్పు, ఎట్లుండాయో."

యమున చెంబు ముక్కు దగ్గరికి తెచ్చి, వెంటనే దూరంగా పెట్టింది. మురుగు వాసన.

ఆ వీధికి నీళ్లు ఆపే వాల్వు ఒకటి విడిగా ఉండేది. అది కట్టేస్తే కంపు నీళ్లు ఆగిపోతాయి. కాని కిందటేడు రోడ్డు వేసినప్పుడు కాంట్రాక్టరు మనుషులు వాల్వు మూత మీదే కాంక్రీటు పోసి, పైన చదును చేసి, చక్కగా చీపురు గీతలు కూడా దిద్దారు. రోడ్డు ప్రారంభానికి వచ్చినవాళ్లు రోడ్డు నునుపు చూసి మెచ్చుకున్నారు, వాల్వు ఏమైందని ఒక్కడూ అడగలేదు. ఇప్పుడు దాన్ని తవ్వి తీయాలి. పక్కనే కరెంటు కేబులు ఉంది, ఫైబరు ఉంది. నోటీసు పెట్టాలి. మామూలు నోటీసు పెడితే గీతలు గీసేవరకూ ఆ వీధి ఆ నీళ్లే తాగాలి. రూలు రాసినవాడు వెసులుబాటు ఏ రోజు కోసం పెట్టాడో ఆ రోజు ఇదే.

వరదరాజులు ఆ రోజు కుప్పంలోనే ఉన్నాడు, సమీక్ష కోసం వచ్చి. యమున ఆయన ముందు నిలబడింది.

"మామూలు నోటీసు పెట్టమ్మా" అన్నాడాయన. "కారణం దగ్గర రోడ్డు మరమ్మతు అని రాయి. గీతలు గీసిపోనీ, తవ్వుదాం. అంతవరకూ నీళ్లు కాచి తాగమను."

"పిల్లోళ్లు వాంతులు చేసుకుంటాండారు సార్. అర్జెంటు పెడతాను."

వరదరాజులు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అర్జెంటు అనే మాట ఊరికే వాడేది కాదమ్మా. దానికి ఒక విలువ ఉంది."

భూమిపూజకొక పైపు పగలగొట్టిన మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చింది. వస్తున్నప్పుడు ఆయన మొహంలో ఒక్క నరం కదల్లేదు. ఆయన బాధ వేరే. లేని పైపు పగిలిందని రాస్తే ఎవరికీ చెమట పట్టదు. తాగే నీళ్లలో మురుగు కలిసిందని ఆఫీసు లాగిన్‌లోంచి రాతపూర్వకంగా పోతే, అది మన తప్పే అని మనమే రాసి సంతకం పెట్టి ఇచ్చినట్టు. అబద్ధపు ప్రమాదాలు ఎన్నైనా పంపవచ్చు. నిజమైన ప్రమాదం ఒక్కటి పంపితే కుర్చీ కిందకు నీళ్లు వస్తాయి.

"నీకిప్పటికే రెండు ఉన్నాయి" అన్నాడాయన, చాలా మెత్తగా. "ఆలోచించుకో."

యమున బయటకు వచ్చి శివకుమార్‌కు ఫోన్ చేసింది. అతను శాంతిపురంలో ఇంట్లో ఉన్నాడు.

"మీ కేబులు యాడుండాదో వచ్చి సూపించాలన్నా. తవ్వాలి."

"నోటీసు రాకుండా నేను వస్తే మా వాళ్లు నా బ్యాగు పెరుక్కుంటారు. పంపినావా?"

"పంపుతాను. నువ్వు బండెక్కు."

అతను బండెక్కాడు. సాయం చేద్దామని కాదు. ఈ పిల్ల మళ్లీ ఓటీపీ చెప్పేస్తుందని అతనికి నూటికి నూరుపాళ్లు నమ్మకం. అది కళ్లారా చూడాలనిపించింది.

వీధిలో జేసీబీ నిలబడి ఉంది. డ్రైవరు గురప్ప ఇంజను ఆపి, సీట్లో కాళ్లు చాపుకుని బీడీ తాగుతున్నాడు. "నోటీసు పోతే సెప్పండి, దించుతా. పోకపోతే మీరు పిలవలేదు, నేను రాలేదు" అని అందరికీ వినబడేలా చెప్పాడు. ఇళ్ల ముందు జనం గుంపులుగా ఉన్నారు. ఆఫీసు మీద తిట్లు, వరదరాజులు కారు దిగగానే నమస్కారాలు. ఆయన ముక్కుకు కర్చీపు అడ్డం పెట్టుకుని వచ్చాడు. కరెంటు లైన్‌మ్యాను యమున ఫోన్ చేస్తే వచ్చి సప్లయి కట్టేసి, చెట్టు నీడన కూర్చున్నాడు.

యమున ఫోన్‌లో యాప్ తెరిచింది. వరదరాజులు పక్కకు వచ్చాడు.

"ఫోను ఇట్లా ఇయ్యమ్మా. సరే, అర్జెంటే పెడదాం. మాటలు నేను రాస్తాను. వాల్వు చెడిపోయింది అంటే సరిపోతుంది. ఓటీపీ వచ్చిందా?"

"వచ్చింది సార్."

"చెప్పు."

శివకుమార్ బైకు దిగకుండానే చూస్తున్నాడు. యమున ఆయన వైపు వీపు తిప్పింది. సారుకు వీపు చూపడం ఆమె బతుకులో అదే మొదలు కాబోలు, మెడ వెనక చెమట కారుతూ ఉంది. రెండు బొటనవేళ్లతో టైపు చేసింది. వరదరాజులు, "ఏం రాస్తున్నావు? ఆగు, చూపించు" అంటున్నాడు. ఆమె చూపించలేదు. అంతలో శివకుమార్ జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. తాగే నీళ్లలో మురుగు కలిసింది, వీధి జనం వాంతులు విరేచనాలతో ఉన్నారు, వాల్వు కోసం వెంటనే తవ్వుతున్నాము. కింద ఆమె పేరు. అతని ఫోన్ నిండా ఇలాంటి అర్జెంట్లు లెక్కలేనన్ని ఉన్నాయి. పచ్చి నిజం రాసినది ఇదొక్కటే.

"వచ్చింది" అన్నాడు శివకుమార్, అడక్కుండానే. ఆ మాట తన నోటి నుంచి ఎందుకు వచ్చిందో అతనికి తెలియదు. గురప్ప బీడీ పారేసి ఇంజను తిప్పాడు.

కాంక్రీటు పెచ్చులు లేచాయి. శివకుమార్ ఇనుప కడ్డీతో నేలను తడుముతూ ఇక్కడొద్దు, ఇటు దించు అని చెయ్యి చూపుతుంటే గురప్ప బకెట్టును పిల్లవాడి తల నిమిరినట్టు దించాడు. చివర చేతి పారలతో తీశారు. లోపల చూస్తే, కొత్త మురుగు కాలువ కట్టినప్పుడు దాని గోడ తెచ్చి నేరుగా తాగునీటి పైపు నెత్తిన కూర్చోబెట్టి ఉన్నారు. బరువుకు పైపు అతుకు విడిపోయి, కాలువ నీళ్లు అందులోకి వడిగా పోతున్నాయి. ఆ కాలువకూ భూమిపూజ జరిగింది, దానికీ మంచి గడియ చూశారు. శివకుమార్ చేతులు మోచేతుల దాకా ఆ కంపులో మునిగాయి. వాల్వు దొరికింది, కట్టేశారు. ఒక్క కేబులు తెగలేదు.

నీళ్లు ఆగగానే వరదరాజులు కర్చీపు జేబులో పెట్టుకుని గుంత ఒడ్డుకు వచ్చి, ఒక చెయ్యి ముందుకు చాచి నిలబడ్డాడు. ఎవడో ఫోటో తీశాడు. అధికారుల తక్షణ స్పందన అని మరుసటి రోజు పేపర్లో వచ్చింది. ఆ ఫోటోలో యమున చెప్పులు మాత్రం ఒక మూల పడ్డాయి.

మూడో మెమో కూడా వచ్చింది. పై అధికారి సూచన ధిక్కరించిందట, ధ్రువీకరించుకోకుండా నీళ్లు కలుషితమయ్యాయని రాసి ప్రజల్లో భయం పుట్టించిందట. విచారణ ఆ వీధిలోనే పెట్టారు. అంతకు ముందురోజు, కుప్పంలో ఆ కాలువ కాంట్రాక్టు చేసినవాడు, పుంగనూరు సిద్దప్పకు తమ్ముడి వరసవాడు, ఇంటింటికీ తిరిగి, ఈ గొడవ సద్దుమణిగితే కిందటేడు సగంలో ఆపిన సిమెంటు రోడ్డు వీధి చివరిదాకా వేస్తామని చెప్పి పోయాడు. వీధి మొత్తానికి రాత్రికి రాత్రే కడుపులు బాగయ్యాయి. నీళ్లు బాగానే ఉన్నాయి సార్ అన్నారు. చెంబు తెచ్చి బల్ల మీద పెట్టిన రామలక్ష్మమ్మ, "నాకా దినం మామిడికాయ పడలేదు సార్" అంది. గురప్ప, "నన్ను దించమన్నారు, దించినాను" అన్నాడు. శివకుమార్‌ను అధికారి ఒకే ప్రశ్న అడిగాడు, మీ కేబులు తెగిందా అని. తెగలేదు సార్ అన్నాడు. సరే పో అన్నారు. బైకు ఎక్కి వచ్చేశాడు. పుంగనూరులో ఇంకో కేబులు తెగి ఉంది.

యమునను ఉద్యోగం నుంచి తీసేశారు.

ఆ తర్వాత శివకుమార్ ఆమెను చూసింది పుంగనూరు బస్టాండులో. ఇళ్ల ప్లాన్లు గీసే ఒక చిన్న ఆఫీసులో పని దొరికిందట, పొద్దున వచ్చి సాయంత్రం సోమల బస్సుకు పోతోంది. చేతిలో చుట్టిన ప్లాన్ల కట్ట ఉంది. అతను బైకు పక్కన ఆపి, టీ తెచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత అతను మొదలుపెట్టాడు. కుప్పం వీధి వాళ్ల సంగతి ఎత్తాడు. నోళ్లు పడిపోవాలన్నాడు. వాళ్ల కోసం బంగారం లాంటి ఉద్యోగం పోగొట్టుకుందన్నాడు. నాలుగు బారల సిమెంటు రోడ్డుకు కన్నబిడ్డల వాంతులు మింగేసిన జాతి అన్నాడు. ఆ చెంబు ముసలిదాన్ని ఆ నీళ్లలోనే ముంచాలన్నాడు. వరదరాజులును, సిద్దప్పను, గురప్పను, విచారణ అధికారిని ఒక్కొక్కరినీ వరసబెట్టి తిట్టాడు. తిట్టే కొద్దీ అతనికి ఊపిరి తేలికవుతూ ఉంది. యమున టీ తాగుతూ వింటూ ఉంది. సోమల బస్సు వచ్చి నిలిచింది. ఆమె గ్లాసు అతని చేతికిచ్చింది.

"వాళ్లను యాల తిడతావన్నా" అంది. "వాళ్లకు రోడ్డు కావాల్సొచ్చింది, అబద్ధం సెప్పినారు, రోడ్డు ఏయించుకున్నారు. నువ్వు ఆ పొద్దు గుంతలోనే ఉండావు. ఆ కంపు నీ చేతులకే అంటింది. కేబులు తెగలేదని సెప్పి బండెక్కినావు. నీకేం కావాల్సొచ్చి అంతటితో ఊరుకున్నావన్నా నువ్వు?"